ప్రభుత్వ రహస్యాలు - వ్యక్తి పూర్వ ప్రవర్తన

"ఇంటిగుట్టు లంకకు చేటు" అని మన పెద్దలు ఊరకే అనలేదు. కోటగోడ ఎంత ఎత్తుగా కట్టినా, లోపలివాడొకడు నోరు విప్పితే ఆ గోడవల్ల ప్రయోజనం లేదు. రాజ్యమనేది ఏర్పడిననాటినుండీ పాలకులను వేధిస్తున్న చింత ఇది. రహస్యాన్ని ఎవరో ఒకరితో చెప్పక తప్పదు. సేనల కదలిక సేనానికి తెలియాలి; బొక్కసం లెక్క కోశాధికారికి తెలియాలి; పొరుగు రాజుతో సాగే మంతనం కనీసం వ్రాయసకానికైనా తెలియాలి. వీరిని నమ్మేది ఎట్లా?

కౌటిల్యుడు తన అర్థశాస్త్రంలో ఇందుకొక ఉపాయం చెప్పినాడు. అమాత్యులను నాలుగు విధాల రహస్యంగా పరీక్షించమన్నాడు. ఈ పరీక్షలకు ఉపధలని పేరు. ధర్మం పేరిట ప్రలోభపెట్టడం మొదటిది, ధనం ఆశ చూపడం రెండవది, కామాన్ని రేపడం మూడవది, భయం పుట్టించడం నాలుగవది. ధనపరీక్షలో నెగ్గినవానికి ఆదాయ వ్యవహారాలు, భయపరీక్షలో నెగ్గినవానికి రాజు చెంత కొలువు, నాలుగింటిలోను నెగ్గినవానికి మంత్రిపదవి ఇవ్వవచ్చునన్నాడు. దేనిలోను నెగ్గనివారిని గనులకూ, అడవులకూ, ఏనుగుల వనాలకూ పంపమన్నాడు. ఇంత చెప్పి, చివరకొక హెచ్చరిక కూడా చేసినాడు: పరీక్ష పేరిట మంచివానిని చెడగొట్టవద్దు, అది మంచినీటిలో విషం కలపడం వంటిది, ఒకసారి చెడిన మనస్సుకు మందు దొరకకపోవచ్చును. ఈ హెచ్చరికతో మనకు ముందు ముందు పని పడుతుంది.

ఆధునిక ప్రభుత్వాలు మారువేషపు గూఢచారులను పంపి ఉద్యోగార్థులకు ఆశలు చూపవు. వాటి పద్ధతి వేరు. మనిషి ఇంతవరకు ఎట్లా నడచుకున్నాడో విచారించి, ఇకముందు ఎట్లా నడచుకుంటాడో అంచనా వేస్తవి. గతమే ఇక్కడ పరీక్ష. మరి, గతంలో ఏ మచ్చా లేని మనిషి ఎక్కడ ఉన్నాడు? పాతికేళ్ళ ప్రాయంలో చేసిన తప్పు జీవితమంతా వెంటాడవలసినదేనా? ఈ ప్రశ్నను పరిశీలించడానికి అమెరికా సంయుక్త రాష్ట్రాల విధానం మంచి ఆధారం. అక్కడ ఈ నియమాలు అచ్చయి అందరికీ అందుబాటులో ఉన్నవి. వాటి మంచీ చెడూ రెండూ చరిత్రకెక్కినవి.

హక్కు కాదు, అనుగ్రహం

అమెరికాలో ప్రభుత్వ రహస్యాలను మూడు తరగతులుగా విభజించినారు. బయటపడితే దేశభద్రతకు హాని కలిగించేవి కాన్ఫిడెన్షియల్, తీవ్రమైన హాని కలిగించేవి సీక్రెట్, అసాధారణమైన హాని కలిగించేవి టాప్ సీక్రెట్. ఇట్టి పత్రాలను చూడడానికి మనిషికి ముందుగా లభించవలసిన అర్హతనే సెక్యూరిటీ క్లియరెన్సు అంటారు. సైన్యంలోను, ప్రభుత్వ శాఖలలోను పనిచేసేవారికే గాక, ప్రభుత్వానికి విమానాలూ నౌకలూ యంత్ర పరికరాలూ చేసి ఇచ్చే ప్రైవేటు సంస్థల ఉద్యోగులలో అనేకులకు కూడా ఇది అవసరం. అది లేకపోతే ఉద్యోగం రాదు. ఉన్నది రద్దయితే ఉద్యోగం నిలవదు. అనగా ఈ నిర్ణయం మీద ఒక కుటుంబం జీవనాధారం ఉన్నదన్న మాట.

ఐతే, ఈ అర్హత తనకు ఇచ్చి తీరవలసినదని అడిగే హక్కు ఎవరికీ లేదు. 1988లో అమెరికా సుప్రీంకోర్టు నౌకాదళ శాఖకూ, ఈగన్ అనే ఉద్యోగికీ నడచిన వ్యాజ్యంలో ఈ మాట స్పష్టంగా చెప్పినది. అణు జలాంతర్గాములను మరమ్మతు చేసే కేంద్రంలో పనికి కుదిరిన ఆ ఉద్యోగికి పూర్వపు నేరాల కారణంగాను, కొన్ని శిక్షలను తెలియజేయని కారణంగాను, మద్యపానపు చిక్కుల కారణంగాను క్లియరెన్సు నిరాకరించినారు. న్యాయస్థానం ఆ నిర్ణయపు గుణదోషాలలోనికి వెళ్ళడానికి సమ్మతించలేదు. ఇది శిక్ష కాదు. భవిష్యత్తును గురించిన అంచనా. ఆ అంచనా వేసే బాధ్యత కార్యనిర్వాహక శాఖది అన్నది దాని తీర్పు సారాంశం. సందేహం మిగిలితే దానిని దేశభద్రత వైపే తీర్చాలి.

నేరవిచారణకూ దీనికీ భేదం ఇక్కడే ఉన్నది. నేరవిచారణలో సందేహ ఫలం ముద్దాయికి పోతుంది. ఇక్కడ సందేహ ఫలం ప్రభుత్వానికి పోతుంది. న్యాయస్థానం నిర్దోషి అని విడిచిపెట్టిన మనిషికి కూడా క్లియరెన్సు రాకపోవచ్చును. నేరస్థుడని శిక్ష పొందినవానికి, తరువాత చక్కబడినాడన్న నమ్మకం కలిగితే, రావచ్చును కూడా.

పదమూడు కొలతలు

2017 జూన్ నుండి అమలులోనికి వచ్చిన నియమావళి ప్రకారం అమెరికా ప్రభుత్వాధికారులు మనిషిని 13 విషయాలలో పరిశీలిస్తారు. దేశం పట్ల విధేయత, విదేశ సంబంధాల ప్రభావం, అన్యదేశం పట్ల మొగ్గు, లైంగిక ప్రవర్తన, వ్యక్తిగత ప్రవర్తన, ఆర్థిక స్థితి, మద్యపానం, మాదకద్రవ్యాలు, మానసిక స్థితి, నేర ప్రవర్తన, రహస్య పత్రాలను భద్రపరచే తీరు, బయటి వ్యాపకాలు, కంప్యూటరు వ్యవస్థల వినియోగం - ఇవి ఆ పదమూడు.

వీటిలో వ్యక్తిగత ప్రవర్తన అన్నది తక్కినవాటికన్న విశాలమైనది. తక్కిన కొలతలలో ఇమడనిదంతా దీనిలోనికి వస్తుంది. వివేకం లేని నడవడి, నిజాయితీ లోపం, నియమాలను పాటించడానికి ఇష్టపడకపోవడం - ఇవి దీని పరిధి. పనిచేసిన చోట దొంగలెక్కలు వ్రాయడం, యజమానికి ఇచ్చిన వ్రాతపూర్వకమైన మాట తప్పడం, నేరాలు చేసేవారితో స్నేహం, పదిమందికి తెలిస్తే పరువుపోయే పనిని దాచిపెట్టుకొని తిరగడం ఇందులోనివే. విడివిడిగా చూస్తే ఏ ఒక్కటీ పెద్దది కాని చిన్నచిన్న తప్పులు కుప్పపడి మనిషి స్వభావాన్ని పట్టి ఇస్తే, దానిని కూడా ఈ శీర్షిక కిందనే లెక్కకు తీసుకుంటారు.

ఎప్పుడో జరిగిన సొంత విషయాలతో ప్రభుత్వానికి నిమిత్తమేమి అని అడగవచ్చును. దీనికి సమాధానాలు మూడు. రహస్యరక్షణ అంటే ఎవరూ చూడనప్పుడు కూడా నియమం తప్పకపోవడం. చిన్న నియమాన్ని తేలికగా తీసుకున్నవాడు పెద్ద నియమాన్ని గౌరవిస్తాడని నమ్మడం కష్టం. ఇది మొదటిది. ఆపదలో, ఆశలో, కోపంలో మనిషి ఎట్లాంటి నిర్ణయం చేస్తాడో అతని గతమే కొంత చెబుతుంది. ఇది రెండవది. మూడవది అన్నిటికన్న ముఖ్యం. దాచుకున్న తప్పు శత్రువు చేతిలో పగ్గం అవుతుంది. "నీ సంగతి నీ భార్యకు చెప్పమంటావా, నీ పై అధికారికి చెప్పమంటావా, లేక ఆ కాగితం తెచ్చి ఇస్తావా?" అని బెదిరించడానికి అది ఆయుధం. ఎవరికీ భయపడి దాచవలసినది లేని మనిషిని ఎవరూ ఈ విధంగా లొంగదీయలేరు.

తప్పుకన్న అబద్ధం బరువు

అర్హత కోరేవాడు మొదట ఒక సుదీర్ఘమైన ప్రశ్నావళిని పూర్తిచేయాలి. స్టాండర్డ్ ఫారం 86 అని దానికి పేరు. అది నూరు పుటలకు పైబడిన పత్రం. గత 10 సంవత్సరాలలో ఎక్కడెక్కడ నివసించినారు, ఎక్కడెక్కడ పనిచేసినారు, ఏ కొలువునుండి ఎందుకు తొలగినారు, పోలీసు కేసులేమైనా ఉన్నవా, అప్పులు తీర్చకుండా ఉన్నారా, మత్తు పదార్థాలు సేవించినారా - ఇట్లా సాగుతుంది. కొన్ని ప్రశ్నలకు ఏడేళ్ళ గడువు, కొన్నిటికి పదేళ్ళ గడువు. "ఎప్పుడైనా" అని అడిగే ప్రశ్నలకు గడువే లేదు. ఆ తరువాత విచారణాధికారులు పాత యజమానులనూ, ఇరుగుపొరుగువారినీ, స్నేహితులనూ కలుసుకుంటారు. పోలీసు రికార్డులూ, బాకీల చిట్టాలూ తిరగవేస్తారు. తెలిసి తెలిసి అబద్ధం వ్రాస్తే అది అక్కడి కేంద్ర చట్టం ప్రకారం నేరం. ఐదేళ్ళవరకు శిక్ష పడవచ్చును.

వ్యక్తిగత ప్రవర్తన అనే శీర్షికకు ప్రాణమంతా ఇక్కడ ఉన్నది. జరిగిపోయిన తప్పుకన్న, ఆ తప్పును గురించి ఈనాడు చెప్పే అబద్ధం ఎక్కువ ప్రమాదమని నియమావళి భావిస్తున్నది. విచారణకు సహకరించకపోవడాన్నీ, నిజం చెప్పకపోవడాన్నీ అది ప్రత్యేకంగా పేర్కొన్నది. ప్రశ్నలకు జవాబే చెప్పనన్నవానికి సాధారణంగా క్లియరెన్సు దొరకదు.

ఊహకొక ఉదాహరణ తీసుకుందాము. ఇద్దరు యువకులు ఇరవయ్యవ ఏట, చదువుకుంటూ ఒక దుకాణంలో పనిచేసేవారు. ఇద్దరూ డబ్బు ఇవ్వకుండా సరుకు ఇంటికి తీసుకుపోయి పట్టుబడినారు, పని పోయినది. తొమ్మిదేళ్ళు గడచినవి. ఇద్దరూ ఇంజనీర్లైనారు, సంసారులైనారు. మొదటివాడు ఫారంలో జరిగినది జరిగినట్లు వ్రాసినాడు. రెండవవాడు ఆ దుకాణం ఊసే ఎత్తలేదు. విచారణాధికారి ఎదురుగా కూర్చుని అడిగినప్పుడు కూడా, "పని మానుకున్నాను" అన్నాడు. పాత యజమాని చెప్పినది చదివి వినిపించిన తరువాత గాని ఒప్పుకోలేదు. మొదటివాని ఖాతాలో తొమ్మిదేళ్ళనాటి కుర్రతనపు తప్పు ఒకటి ఉన్నది. రెండవవాని ఖాతాలో ఆ తప్పుతోపాటు నిన్న మొన్న చెప్పిన రెండు అబద్ధాలు ఉన్నవి. పాత తప్పుకు కాలం మందు వేసినది. కొత్త అబద్ధానికి వేయడానికి కాలమెక్కడిది? "అబద్ధం ఆడితే అతికినట్లుండాలి" అనే సామెతను నమ్ముకున్నవాడు ఇక్కడ చెడిపోతాడు. అతకడానికి చోటే లేనంతగా వెదకేవారున్న వ్యవహారమిది.

ఐతే మరచిపోవడం వేరు, దాచడం వేరు. పదేళ్ళ సంగతులు వ్రాసేటప్పుడు ఒక తేదీ తప్పవచ్చును, ఒక ప్రశ్న సరిగా అర్థం కాకపోవచ్చును. బుద్ధిపూర్వకంగా దాచినాడా లేదా అన్నదే అక్కడ చూస్తారు. దాచినవానికి కూడా దారి పూర్తిగా మూసివేయలేదు. ఎవరూ పట్టుకొనకముందే, తనంతట తానుగా, ఆలస్యం చేయకుండా వచ్చి సరిదిద్దుకుంటే ఆ సరిదిద్దుకోవడాన్ని అతనికి అనుకూలంగా లెక్కిస్తారు. పట్టుబడిన తరువాత ఒప్పుకోవడానికి ఆ విలువ లేదు. న్యాయవాదో, అట్టి సలహా ఇవ్వవలసిన బాధ్యత ఉన్న అధికారో పొరపాటు సలహా ఇచ్చినందువల్ల జరిగిన లోపాన్ని కూడా సానుభూతితో చూస్తారు.

మనిషిని మొత్తంగా చూడడం

గతాన్ని తూచడానికి నియమావళి తొమ్మిది తూనికరాళ్ళు ఇచ్చినది. చేసిన పని ఎంత తీవ్రమైనది; ఏ పరిస్థితులలో, ఎంత తెలిసి చేసినాడు; ఎన్నిసార్లు చేసినాడు, ఎంతకాలమైనది; అప్పటికి వయస్సెంత, బుద్ధి ఎంత పండినది; తానై చేసినాడా, మరొకరి ఒత్తిడి ఉన్నదా; తరువాత మారినాడా; ఎందుకు చేసినాడు; దానిని పట్టుకొని అతనిని ఎవరైనా బెదిరించగలరా; మళ్ళీ చేసే అవకాశం ఉన్నదా - ఇవి ఆ తొమ్మిది. ఏ ఒక్క దానితోనో తీర్పు చెప్పకుండా, మంచిచెడులన్నీ కలిపి మనిషిని నిండుగా చూడాలని దీని ఉద్దేశం.

ఈ తూనికలో కాలానికీ, పరివర్తనకూ పెద్ద స్థానం ఉన్నది. తాగుడు మానుకున్నవాడు ఎంతకాలంగా దూరంగా ఉన్నాడో, అప్పులపాలైనవాడు తీర్చడానికి ఏ ఏర్పాటు చేసుకున్నాడో చూస్తారు. పదేళ్ళ నడత మాటకన్న గట్టి సాక్ష్యం. తెలుగువారిలో చాలామందికి పనికివచ్చే విషయమొకటి ఇక్కడ చెప్పాలి. అమెరికాలో పుట్టి పెరిగిన మన కుటుంబాల పిల్లలూ, అక్కడి పౌరసత్వం తీసుకున్న మన ఇంజనీర్లూ ఇట్టి ఉద్యోగాలకు దరఖాస్తు చేస్తున్నారు. పౌరులు కానివారికి, శాశ్వత నివాసపు అనుమతి ఉన్నా, ఈ క్లియరెన్సు రాదు. అక్కడ అనేక రాష్ట్రాలు గంజాయిని చట్టసమ్మతం చేసినవి. "మా రాష్ట్రంలో తప్పు కాదు గదా" అని యువకులు అనుకుంటారు. కాని క్లియరెన్సు ఇచ్చేది కేంద్ర ప్రభుత్వం. కేంద్ర చట్టానికి విరుద్ధంగా మత్తుపదార్థాలు వాడుతున్నవానికి క్లియరెన్సు ఇవ్వరాదని 2008లోనే శాసనం చేసినారు. ఐతే, పూర్వమెప్పుడో వాడి మానివేసినంత మాత్రాన అనర్హుడు కాడనీ, అది పరిశీలించవలసిన అంశాలలో ఒకటి మాత్రమేననీ 2021 డిసెంబరులో అక్కడి గూఢచార శాఖల అధిపతి స్పష్టం చేసినారు. అనగా ఇక్కడ కూడా సూత్రమొకటే. మానివేసి, నిజం చెప్పినవానికి దారి ఉన్నది. వాడుతూ, లేదని వ్రాసేవానికి లేదు.

నిజం చెప్పినంత మాత్రాన అర్హత వచ్చి తీరుతుందని అనుకోరాదు. ఘోరమైన నేరం, నిన్నటి నేరం, మళ్ళీ మళ్ళీ చేసిన నేరం ఒప్పుకున్నంతలో మాసిపోవు. నిజం చెప్పడం అర్హతకు మొదటి మెట్టు. చివరి మెట్టు కాదు.

తక్కెడ పట్టినవారి గతం

ఇంతవరకు చెప్పినది విధానం. కాని తక్కెడ ఎంత మంచిదైనా, పట్టే చేయి వణికితే తూకం తప్పుతుంది. దీనికి చరిత్రలో రెండు పెద్ద నిదర్శనాలు ఉన్నవి.

మొదటిది జె. రాబర్ట్ ఆపెన్‌హైమర్ కథ. రెండవ ప్రపంచయుద్ధకాలంలో లాస్ అలమోస్ ప్రయోగశాలకు అధిపతిగా ఉండి, అణ్వస్త్ర నిర్మాణాన్ని నడిపించిన శాస్త్రజ్ఞుడాయన. ఆ యుద్ధకాలంలో, 1943 తొలిరోజుల ప్రాంతంలో, ఆయన మిత్రుడు హాకన్ షెవాలియే ఆయన ఇంటి వంటగదిలో ఒక మాట అన్నాడు: శాస్త్ర సమాచారాన్ని సోవియట్ రష్యాకు చేర్చగల మార్గం ఒకరి దగ్గర ఉన్నదట అని. ఆపెన్‌హైమర్ దానిని అక్కడే తిరస్కరించినాడు. తప్పు అక్కడ లేదు. వెంటనే అధికారులకు చెప్పకపోవడంలో ఉన్నది. కొన్ని నెలల తరువాత చెప్పినప్పుడు కూడా మిత్రుని పేరు దాచడానికి, ఎవరో ముగ్గురిని కలుసుకున్నారని ఒక కట్టుకథ అల్లడంలో ఉన్నది.

ఈ సంగతి అధికారులకు యుద్ధకాలంలోనే తెలుసును. 1947లో అణుశక్తి సంఘం ఆయన దస్త్రమంతా చూసి, క్లియరెన్సు కొనసాగించినది. తరువాత ఆయన హైడ్రోజన్ బాంబును త్వరపడి నిర్మించరాదని సలహా ఇచ్చినాడు. పెద్దలలో కొందరికి కంటగింపైనాడు. 1953 డిసెంబరులో ఆయన క్లియరెన్సును నిలిపివేసినారు. 1954 ఏప్రిల్, మే నెలలలో విచారణ జరిగినది. ఆ కథ కల్పితమేనని ఆయన అక్కడ ఒప్పుకున్నాడు. ముగ్గురు సభ్యుల విచారణ సంఘంలో ఇద్దరు, ఆయన దేశభక్తిని శంకించలేమంటూనే, క్లియరెన్సు ఇవ్వవద్దన్నారు. జూన్ 29న అణుశక్తి సంఘం నలుగురు ఒకవైపు, ఒకరు మరొకవైపుగా దానిని ఖాయం చేసినది. ఆయన స్వభావంలోనే మౌలికమైన లోపాలు ఉన్నవన్నది అధికసంఖ్యాకుల మాట. మర్నాటితో ఆయన సలహాదారు ఒడంబడిక ఎట్లాగూ ముగియవలసి ఉన్నది.

గమనించండి: 1947లో ఉన్న గతమే 1954లోను ఉన్నది. గతం మారలేదు, చూసే కన్ను మారినది. ఆయన అబద్ధం చెప్పిన మాట నిజమే. కాని విచారణ జరిపినవారి నడత కూడా పరిశుద్ధం కాదు. ఆయన తన న్యాయవాదులతో మాట్లాడుకున్న మాటలను ప్రభుత్వం చాటుగా విన్నది. తీర్పరులు చూసిన పత్రాలలో కొన్నిటిని ఆయన పక్షంవారికి చూపలేదు. 68 సంవత్సరాలు గడచిన తరువాత, 2022 డిసెంబరు 16న, అమెరికా ఇంధనశాఖ కార్యదర్శి జెనిఫర్ గ్రాన్‌హోమ్, ఆ విచారణ సొంత నియమాలనే అతిక్రమించిన లోపభూయిష్టమైన విచారణ అని చెప్పి 1954 నాటి నిర్ణయాన్ని రద్దుచేసినారు. ఆపెన్‌హైమర్ 1967లోనే కన్నుమూసినాడు.

రెండవ నిదర్శనం ఒక్కరిది కాదు, వేలాదిమందిది. 1953 ఏప్రిల్‌లో అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ జారీచేసిన ఆజ్ఞలో, ప్రభుత్వోద్యోగానికి అడ్డువచ్చే ప్రవర్తనల జాబితాలో లైంగిక వైపరీత్యమన్న మాట కూడా చేరినది. దాని ఆధారంతో స్వలింగ ప్రేమ కలవారిని ఏరి ఏరి పంపివేసినారు. వారిని ఎవరైనా బెదిరించి లొంగదీయవచ్చునన్నది ప్రభుత్వం చెప్పిన కారణం. వారు భయపడి దాచుకున్నది దేనిని? బయటపడితే ప్రభుత్వం ఉద్యోగం తీసివేస్తుందన్న సంగతినే గదా! బెదిరింపుకు ఆయుధాన్ని చేసి ఇచ్చినది ప్రభుత్వమే. ఆ ఆయుధం ఉన్నదని ఉద్యోగం తీసినదీ ప్రభుత్వమే. మంచినీటిలో విషం కలపవద్దని కౌటిల్యుడు చెప్పినది ఇట్టిదాన్నే.

ఖగోళ శాస్త్రజ్ఞుడు ఫ్రాంక్ కామెనీ 1957లో సైనిక పటాల శాఖనుండి ఈ విధంగానే ఉద్వాసన పొందినాడు. న్యాయస్థానాలలో ఓడిపోయినా ఊరుకోక, జీవితమంతా పోరాడినాడు. దాచనివానిని బెదిరించడం ఎట్లా అన్న సూటిప్రశ్నకు ప్రభుత్వం దగ్గర చాలాకాలం జవాబు లేదు. 1995లో అధ్యక్షుడు క్లింటన్ ఆజ్ఞ ద్వారా, ఒకరి లైంగిక స్వభావాన్ని మాత్రమే ఆధారం చేసుకొని క్లియరెన్సు విషయంలో ఏ నిర్ణయమూ చేయరాదని నియమం వచ్చినది. 2009లో ప్రభుత్వం కామెనీకి క్షమాపణ చెప్పినది.

మరి గతాన్ని చూడడమే తగదా? అట్లా అనడానికి వీలులేదు. ఆల్‌డ్రిచ్ ఏమ్స్ అనే వాడు అమెరికా గూఢచార సంస్థలోనే ఉద్యోగి. 1985లో అప్పుల బాధతో సోవియట్ దౌత్యకార్యాలయానికి వెళ్ళి రహస్యాలు అమ్మడం మొదలుపెట్టినాడు. మితిమీరిన తాగుడు అందరికీ తెలుసును. ప్రభుత్వ జీతగాడు 5 లక్షల 40 వేల డాలర్లు రొక్కమిచ్చి ఇల్లు కొన్నా చాలాకాలం ఎవరూ గట్టిగా అడగలేదు. 1994లో పట్టుబడేలోగా, సోవియట్ దేశంలో అమెరికాకు రహస్యంగా సహాయం చేస్తున్నవారు అనేకులు ప్రాణాలు కోల్పోయినారు. ఒకచోట చూడరానిదానిని భూతద్దంతో చూసినారు. మరొకచోట కంటి ఎదుట ఉన్నదానిని చూడలేదు. కనుక ప్రశ్న, ప్రవర్తనను చూడాలా వద్దా అన్నది కాదు. ఏ ప్రవర్తనకు విశ్వాసంతో నిజంగా సంబంధమున్నదో తెలుసుకోవడమే కష్టం.

ఇట్టి పొరపాట్లను తగ్గించడానికే తరువాతి కాలంలో కొన్ని కట్టుబాట్లు ఏర్పడినవి. 1959లో అమెరికా సుప్రీంకోర్టు, ముఖం చూపని సాక్షుల మాటమీద మనిషి జీవనాధారాన్ని తీసివేయడానికి అధ్యక్షుడుగాని, శాసనసభగాని స్పష్టంగా అధికారం ఇవ్వలేదన్నది. 1960లో వచ్చిన అధ్యక్షుని ఆజ్ఞ, రక్షణ పరిశ్రమల ఉద్యోగులకు కారణాలను వ్రాతపూర్వకంగా తెలపాలనీ, జవాబు చెప్పుకొనే అవకాశమివ్వాలనీ నిర్దేశించినది. క్లియరెన్సు హక్కు కాకపోయినా, ఎందుకు ఇవ్వలేదో తెలుసుకోవడం మాత్రం మనిషికి దక్కినది.

మన దేశంలో

ఇదంతా సముద్రాల కవతలి ముచ్చట మాత్రమే కాదు. మన దేశంలో ప్రభుత్వోద్యోగానికి ఎన్నికైనవారు అటెస్టేషన్ ఫారం పూర్తిచేయాలి. తమపై ఎప్పుడైనా కేసు నమోదైనదా, అరెస్టయినారా, శిక్షపడినదా అని అందులో అడుగుతారు. పోలీసులు శీలాన్నీ పూర్వ చరిత్రనూ విచారిస్తారు. మన పల్లెలలో గట్టు తగాదా వస్తే కేసులో ఇంటిల్లిపాది పేర్లూ చేర్చడం కద్దు. కాలేజీ రోజులలో ఊరేగింపులో నినాదాలు చేసి పోలీసు రికార్డుకెక్కినవారూ ఉన్నారు. కొలువు అందిన వేళ ఆ పాత కేసు సంగతి వ్రాస్తే చేతికందినది జారిపోతుందేమోనని భయపడి, "లేదు" అని వ్రాసి, ఆ ఒక్క మాటతోనే ఉద్యోగం పోగొట్టుకున్నవారున్నారు.

2011లో మన సుప్రీంకోర్టు ఢిల్లీ పోలీసు ఉద్యోగార్థి ఒకరి వ్యాజ్యంలో, వయసు వేడిలో చేసిన చిన్న తప్పును జీవితాంతం మెడకు కట్టరాదనే దృష్టిని చూపినది. 2016 జులైలో అవతార్ సింగ్ వ్యాజ్యంలో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఈ విషయమై వచ్చిన తీర్పులన్నిటినీ సమన్వయించి మార్గదర్శక సూత్రాలు చెప్పినది. ఉద్యోగార్థి ఇచ్చే సమాచారం సత్యమై ఉండాలి, దాచరాదు. దాచినది చిన్నవయసులో నినాదాలు చేయడం వంటి స్వల్ప విషయమైతే, దానిని అధికారి క్షమించవచ్చును. తీవ్రమైనదైతే ఉద్యోగాన్ని రద్దుచేయవచ్చును. నిజం చెప్పినవాని విషయంలో కూడా పూర్వ చరిత్రను పరిశీలించే అధికారం యజమానికి ఉంటుంది. ఐతే ప్రశ్న స్పష్టంగా అడిగి ఉండాలి. అడగనిదానిని దాచినాడని నింద వేయరాదు. అమెరికా నియమావళికీ మన తీర్పుకూ భాష వేరు గాని, ధర్మమొకటే.

కనుక ఇట్టి కాగితాలు మీ ఇంటికి వచ్చినప్పుడు, ఇంట్లోని పెద్దలు పిల్లలకు చెప్పవలసిన మాట ఒక్కటే. ప్రశ్నను రెండుసార్లు చదవమనండి. తేదీలకు పాత కాగితాలు వెదకమనండి. సందేహం ఉంటే న్యాయం తెలిసినవారిని అడగమనండి. ఆ తరువాత ఉన్నది ఉన్నట్లు వ్రాయమనండి. పరువు పోతుందని ఇంటిల్లిపాదీ కూడి తప్పును కప్పిపుచ్చే సలహా ఇస్తే, ఆ సలహాయే పిల్లవాని పాలిట శాపమవుతుంది. జరిగిపోయినదానిని ఎవరూ మార్చలేరు. దానిని గురించి ఈనాడు ఏమి చెప్పాలన్నది మాత్రం ఇంకా మన చేతిలోనే ఉన్నది.

ప్రభుత్వాలకు కూడా ఇదే నీతి వర్తిస్తుంది. పౌరుని గతాన్ని అడిగే ప్రభుత్వం తన ప్రశ్నకు కారణం చెప్పగలిగి ఉండాలి. పొరపాటు చేసినప్పుడు, ఆపెన్‌హైమర్ విషయంలో వలె 68 ఏళ్ళు ఆగకుండా, ఆ మనిషి బ్రతికి ఉండగానే ఒప్పుకోవాలి. విశ్వాసమన్నది ఒకవైపునుండి మాత్రమే అడిగేది కాదు గదా!